మంగళవారం, గురువారం దారి ఖర్చు: న్యూజిలాండ్ క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను దక్షిణ ద్వీపంలో ఆష్‌బర్టన్ దగ్గర ఒక డెయిరీ ఫామ్‌లో పనిచేస్తున్న తెలుగువాడిని. హార్ట్‌ల్యాండ్ ఛాంపియన్‌షిప్ అనే రగ్బీ పోటీ గురించి, దాన్ని మోస్తున్న పల్లెటూరి క్లబ్బుల గురించి ఒక కోరిక విన్నవించుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. ఇక్కడి చిన్న ఊళ్లలో డెయిరీల్లో, ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసే మనవాళ్లు కూడా చదవాలని తెలుగులో బహిరంగంగా పెడుతున్నాను. శనివారం మధ్యాహ్నం క్లబ్బు మైదానం పక్కనుంచే కారులో వెళ్లిపోతూ, లోపల ఏం జరుగుతున్నదో పట్టించుకోనివాళ్లు మాలో చాలామంది ఉన్నారు.

మీకు తెలిసిన విషయమే అయినా వారి కోసం చెబుతాను. ఈ దేశంలో రగ్బీకి 26 ప్రాంతీయ సంఘాలు ఉన్నాయి. 1976లో మొదలైన జాతీయ ప్రాంతీయ పోటీని 2006లో రెండుగా విడదీశారు. పెద్ద సంఘాలు 14 పై అంతస్తుకు వెళ్లాయి. మిగిలిన 12 చిన్న సంఘాలకు హార్ట్‌ల్యాండ్ ఛాంపియన్‌షిప్ ఏర్పడింది. ఉత్తర ద్వీపంలో ఏడు, దక్షిణ ద్వీపంలో ఐదు. ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగుస్తుంది. ఒక్కో జట్టు ఎనిమిది మ్యాచ్‌లు ఆడుతుంది. మొదటి నాలుగు జట్లు మీడ్స్ కప్పు కోసం, తర్వాతి నాలుగు లోకోర్ కప్పు కోసం సెమీఫైనల్స్ ఆడతాయి. ఆటగాళ్లకు జీతాలు ఉండవు.

ఆగస్టు అంటే ఇక్కడ ఆవులు ఈనే కాలం. తెల్లవారుజామున నాలుగింటికి షెడ్డులోకి వెళ్లి, పాలు పితికి, రాత్రి పుట్టిన దూడలను చలిలోంచి లోపలికి చేర్చి, అప్పుడు బూట్లు సంచిలో వేసుకుని మ్యాచ్‌కు బయలుదేరే కుర్రవాళ్లతో నేను కలిసి పనిచేశాను. వారిలో ఇక్కడ పుట్టినవారు ఉన్నారు, ఫిజీ నుంచి వచ్చినవారు ఉన్నారు. దక్షిణాన ఒమారులో మాంసం కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడిన టోంగా కుటుంబాల పిల్లలు నార్త్ ఒటాగో రగ్బీకి ఎంత బలమో అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. మా వలస కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. పని కోసం వచ్చినవాడు ఊరివాడయ్యే చోట్లు పల్లెల్లో ఎక్కువ ఉండవు. చర్చి ఒకటి, బడి ఒకటి, క్లబ్బు ఒకటి. మా పిల్లలు ఒకరినొకరు పడదోసుకోకుండా నడుముకు కట్టిన పట్టీలు లాగే రిప్పా రగ్బీతో మొదలుపెట్టారు. తోటి తల్లిదండ్రులతో మాకు పరిచయాలు ఏర్పడింది ఆ మైదానం గట్టు మీదే.

ఈ పోటీని రెండో తరగతి అని తేలికగా తీసిపారేసేవారికి ఆ కప్పులకు ఎవరి పేర్లు పెట్టారో చూపించాలి. కోలిన్ మీడ్స్ టె కుయిటి దగ్గర గొర్రెలు మేపుకున్న రైతు. జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్ తరఫున 133 మ్యాచ్‌లు ఆడి కూడా తన చిన్న సంఘం కింగ్ కంట్రీని వదిలి పెద్ద సంఘానికి వెళ్లలేదు. బ్రయన్ లోకోర్ వైరారాపా రైతు. ఆల్ బ్లాక్స్‌కు నాయకత్వం వహించాడు, 1987లో మొదటి ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకు శిక్షకుడు. ఆ తరం పోయిందని అంటారా? 2011, 2015 ప్రపంచ కప్పులు ఎత్తిన రిచీ మెకా ఒమారులో పుట్టి, హకటరామియా లోయలో పెరిగి, కురో అనే చిన్న ఊరిలో బంతి పట్టడం నేర్చుకున్నాడు. పై చదువుకు డనీడన్ వెళ్లాడు. పల్లె పిల్లలు పట్నానికి వెళ్లిపోవడం అప్పుడూ ఉంది. అయితే వారికి మొదట బంతి చేతికిచ్చే కురో ఒకటి ఉండేది. ఇకముందూ ఉంటుందా అన్నదే నా భయం.

మైదానంలో ఆటకేమీ లోటు లేదు. వాంగనూయి ఆరుసార్లు మీడ్స్ కప్పు గెలిచింది. కోవిడ్ వల్ల 2020 సీజను రద్దయ్యాక మా పొరుగున రంగిటాటా నదికి అవతల ఉన్న సౌత్ కాంటర్‌బరీ 2021, 2022, 2023లలో వరుసగా మూడుసార్లు గెలిచింది. మిడ్ కాంటర్‌బరీ వాడిగా అది నాకు మింగుడుపడని సంగతే, కానీ ఆ జట్టు ఆడిన తీరుకు చప్పట్లు కొట్టాను. ఆ మూడేళ్లలో ఏదో ఒక శనివారం మీరు తిమారు వచ్చి చూసి ఉంటే ఇది రెండో తరగతి అన్న మాట మీ నోట వచ్చేది కాదు. మాకూ, సౌత్ కాంటర్‌బరీకీ, నార్త్ ఒటాగోకూ మధ్య హనాన్ షీల్డ్ కోసం జరిగే పోరుకు టీవీలో పెద్దగా చోటు దొరకదు. ఊళ్లో మాత్రం దాని గురించి వారం ముందే మాట్లాడుకుంటారు.

గెలిచిన జట్ల కంటే న్గాటి పోరౌ ఈస్ట్ కోస్ట్ గురించి మీకు ఎక్కువ చెప్పాలనుంది. 2012లో రువాటోరియా ఊరి కేంద్రంగా ఆడే ఈ జట్టు మీడ్స్ కప్పు గెలిచింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్క గెలుపూ లేకుండా ఓడిపోతూ వచ్చింది. పిల్లలు పని వెతుక్కుంటూ గిస్‌బోర్న్‌కో, ఇంకా దూరానికో వెళ్లిపోయిన ప్రాంతం అది. రువాటోరియా నుంచి గిస్‌బోర్న్‌కు 35వ నంబరు రహదారి మీద సుమారు 130 కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపాను ఆ రహదారిని ముక్కలు చేసింది. అదే ఏడాది ఆ జట్టు మళ్లీ బరిలోకి దిగింది. అన్నేళ్లు ఓడుతున్నా రువాటోరియాలోని వాకరువా పార్కు మైదానానికి జనం రావడం మానలేదు. అలాంటి సంఘాన్ని ఏ లెక్కల పుస్తకం ప్రకారం తూచాలో నాకు తెలియదు. పాయింట్ల పట్టిక ప్రకారం మాత్రం తూచకూడదు.

ఇప్పుడు నా కోరిక. శనివారం ప్రయాణాల గురించి నేను అడగడం లేదు. విమానం టికెట్లు, హోటల్ గదులు రగ్బీ పెద్దలు చూసుకోవలసినవి. నేను అడుగుతున్నది మంగళవారం, గురువారం గురించి. సాధన జరిగేది ఆ రెండు సాయంత్రాలే. కింగ్ కంట్రీలో టె కుయిటి ఒక చివర, టాపో ఇంకో చివర. అక్కడ ఒక చోట పదిహేను మందిని చేర్చడమంటే కొందరికి గంటన్నర ప్రయాణం, రాత్రి మళ్లీ అంతే, తెల్లవారితే పాలు పితకడం. పెట్రోలు ఎవరికి వారే పోయించుకోవాలి. క్లబ్బు స్థాయిలోనూ ఇదే కథ. ప్రాంతీయ జట్టుకు ఆటగాళ్లు వచ్చేది క్లబ్బుల నుంచే. వారం మధ్య సాధనకు ఎనిమిది మందే వస్తే, ఎనిమిదేసి మంది ఎదురెదురుగా నెట్టుకునే స్క్రమ్ కట్టడం కూడా కుదరదు. రెండేళ్లు అలా నడిచిన క్లబ్బు పక్క క్లబ్బుతో కలిసిపోతుంది, ఆ తర్వాత ఒక ఊరి మైదానంలో గడ్డి మోకాలి ఎత్తు పెరుగుతుంది.

మీ శాఖ కింద పనిచేసే స్పోర్ట్ న్యూజిలాండ్ దగ్గర గ్రామీణ ప్రయాణ నిధి అని ఒక మంచి పథకం ఉంది. చదరపు కిలోమీటరుకు 10 మంది కంటే తక్కువ జనం ఉన్న ప్రాంతాల్లో స్థానిక కౌన్సిళ్ల ద్వారా పిల్లల జట్లకు దారి ఖర్చులిస్తుంది. అయితే అది 5 నుంచి 18 ఏళ్ల వారికే. సరిగ్గా ఆ 18 దగ్గరే పల్లె పిల్లలు ఆట మానేస్తున్నారు. బడి ముగుస్తుంది, బడి బస్సు ఆగిపోతుంది, పాత కారు కొనుక్కుని పూర్తికాలం పనిలో చేరతారు. అప్పటివరకు తోడు వచ్చిన ప్రభుత్వం అక్కడే చేయి వదిలేస్తోంది. మా పెద్దమ్మాయికి పదహారేళ్లు. ఆమె జట్టులోని ఆడపిల్లల్లో ఎందరు ఇంకో మూడేళ్లకు మైదానంలో ఉంటారో ఆలోచిస్తే నాకు దిగులుగా ఉంటుంది. ఆడపిల్లలకు దగ్గరలో జట్లే తక్కువ, కాబట్టి వారి దారి ఇంకా పొడవు.

రగ్బీ దగ్గర డబ్బు లేదా అని మీ అధికారులు అడగవచ్చు. 2022లో సిల్వర్ లేక్ అనే అమెరికా పెట్టుబడి సంస్థతో ఒప్పందం వల్ల 20 కోట్ల డాలర్లు వచ్చిన మాట నిజం. ఆ డబ్బు పంపకం మీద, 2024లో పాలన ఎలా ఉండాలన్న దాని మీద సంఘాల మధ్య ఎంత రగడ జరిగిందో దేశమంతా చూసింది. ఆ తగవు తేలేదాకా పల్లె కుర్రవాడు పెట్రోలు బంకు దగ్గర ఆగాలా? పైగా నేను కోరే మార్పు రగ్బీకి మాత్రమే కాదు. నెట్‌బాల్, హాకీ ఆడే అమ్మాయిలకూ అదే రోడ్డు, అదే దూరం.

చిన్న సంఘాలను కలిపేస్తే సరిపోతుందనే సలహా కూడా తరచూ వినబడుతుంది. వైరారాపా, బుష్ 1971లో కలిశాయి. 1973లో కాంటర్‌బరీని ఓడించి రాన్‌ఫర్లీ షీల్డ్ గెలిచిన మార్ల్‌బరో 2006లో నెల్సన్ బేస్‌తో కలిసి టాస్మన్ అయింది. అవి వారు ఎంచుకున్న దారులు, బాగానే సాగుతున్నాయి. కానీ బులర్‌ను, వెస్ట్ కోస్ట్‌ను కలిపినంత మాత్రాన బులర్ కేంద్రమైన వెస్ట్‌పోర్ట్, వెస్ట్ కోస్ట్ కేంద్రమైన గ్రేమౌత్‌కు ఒక్క కిలోమీటరు కూడా దగ్గర కాదు. వందేళ్లకు పైగా రండల్ కప్పు కోసం తలపడుతున్న రెండు ఊళ్లకు ఆ పోటీ మిగలకుండా పోతుంది, అంతే.

అందుకని గ్రామీణ ప్రయాణ నిధి వయోపరిమితిని 18 నుంచి 25కు పెంచండి. మ్యాచ్ రోజులతో పాటు వారం మధ్య సాధనకు వెళ్లే ప్రయాణాలకూ అది వర్తించేలా చూడండి. ఎవరికి ఎంత అవసరమో నిర్ణయించే పని కౌన్సిళ్లకే వదలండి, వారికి ఆ రోడ్లు తెలుసు. బడ్జెట్ మే నెలలో వస్తుంది, హార్ట్‌ల్యాండ్ సీజను ఆగస్టులో మొదలవుతుంది. ఈలోగా ఒక గురువారం సాయంత్రం ఆరింటికి ఏదైనా పల్లె క్లబ్బుకు రండి. ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారో అక్కడే అడిగి, మీ జవాబు ఆ తర్వాత రాయండి.

భవదీయుడు,
మిడ్ కాంటర్‌బరీ నుంచి ఒక డెయిరీ కార్మికుడు