‘హర్ట్’ ఎవరి పాట?

సంపాదకులకు నమస్కారం.

90ల నాటి అమెరికన్ రాక్ మీద పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. గ్రంజ్ అనే రాక్ శైలి గురించి బాగా రాశారు. కానీ నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ ఆల్బమ్ ‘ద డౌన్‌వర్డ్ స్పైరల్’ దగ్గరికొచ్చేసరికి చెవులు చిల్లులు పడే గోల అని ఒక్క ముక్కలో తేల్చేసి, ‘హర్ట్’ను మాత్రం కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాటగా ఆకాశానికెత్తడం నాకు అస్సలు మింగుడుపడలేదు. ఆ పాట రాసింది నైన్ ఇంచ్ నెయిల్స్‌ను నడిపించే ట్రెంట్ రెజ్నర్. 1994 మార్చిలో వచ్చిన ఈ ఆల్బమ్‌లోనే ఆఖరి పాట అది. క్యాష్ పాడింది 2002లో.

క్యాష్ పాడిన తీరుకు వంక పెట్టడం లేదు, జీవితమంతా చూసేసిన మనిషి గొంతులో ఆ మాటలకు వేరే బరువొచ్చింది. కానీ ఆల్బమ్‌లో ‘హర్ట్’ 14వ పాట. అంతకుముందు 13 పాటల్లో ఒక మనిషి దేవుణ్ణి, కోరికను, చివరికి తనను తానే ఒక్కొక్కటిగా విరగ్గొట్టుకుంటూ అడుగంటా దిగిపోతాడు. అదంతా విన్నాక గొంతు దాదాపు గుసగుసలోకి దిగి ‘హర్ట్’ మొదలైతే తట్టుకోవడం కష్టం. విడిగా వింటే అది మంచి విషాద గీతం, అంతే.

ఇక గోల సంగతి. ‘మార్చ్ ఆఫ్ ద పిగ్స్’లో దరువు లెక్కపెట్టి చూడండి: ఏడు, ఏడు, ఏడు, ఆ వెంటనే ఎనిమిది. కాలు కలుపుదామంటే ప్రతిసారీ తప్పుతుంది. అలా తరుముతూ తరుముతూ ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయి ఒక్క పియానో మిగులుతుంది, ఆ నిశ్శబ్దం ముందు వచ్చిన రొద కంటే ఎక్కువ భయపెడుతుంది. ‘క్లోజర్’లో గుండెలా కొట్టుకునే ఆ డ్రమ్ రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ 1977 నాటి పాట నుంచి శాంపిల్ చేసి, అంటే ఒక ముక్క కత్తిరించి తీసుకుని, మార్చుకున్నది. అదే పాట చివర్లో పియానో మీద మెట్టు మెట్టుగా కిందికి దిగే చిన్న వరస ఒకటి వస్తుంది చూడండి, మళ్లీ అదే వరస ఆల్బమ్ పేరున్న 13వ పాటలో గిటార్ మీద వినిపిస్తుంది. మొదటిసారి పట్టుకోవడం కష్టమే, తెలిశాక మాత్రం వదలదు. మధ్యలో మాటల్లేని ‘ఎ వార్మ్ ప్లేస్’ ఉంది, మెత్తగా, ఊపిరి తీసుకోనిస్తున్నట్టు. ఇంత కూర్చి పేర్చిన పనిని గోల అంటే ఎలా సార్?

మీ వ్యాసంలో సగం, రికార్డింగ్ జరిగిన లాస్ ఏంజిలస్ ఇంటికే పోయింది. 1969లో హాలీవుడ్ నటి షారన్ టేట్‌ను, మరికొందరిని చంపింది ఆ ఇంట్లోనే, నిజమే. కానీ ఆమె చెల్లెలు ఎదురుపడి అడిగాక ఆ ఇంటిని అలా వాడుకున్నందుకు రెజ్నరే బాధపడ్డాడు. ఆ ముక్క మాత్రం మీరు రాయలేదు.

విడుదలైన వారమే అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలు లెక్కగట్టే బిల్‌బోర్డ్ చార్టులో 2వ స్థానానికి వెళ్లిన ఆల్బమ్ ఇది, మూలన పడి ఉన్న సరుకు కాదు. వచ్చే సంచికలో ‘హర్ట్’ రాసింది రెజ్నర్ అని ఒక సవరణ వేయండి, వీలైతే ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి వరసగా వినమని కూడా పాఠకులకు చెప్పండి.

- మీ పాఠకుడు