ఘాట్ దిగేటప్పుడు గేరు మరవొద్దు

సంపాదకులకు నమస్కారం.

కార్తీక వనభోజనాలు మొదలయ్యాయంటే ఆదివారం తెల్లారేసరికి విశాఖ కార్లు అరకు దారి పడతాయి. నిరుడు మేమూ వెళ్లాం. సాయంత్రం తిరిగొస్తూ అనంతగిరి ఘాట్ సగం దిగామో లేదో, ఏదో కాలుతున్న వాసన. రెండు మలుపులు దాటాక కారు నడుపుతున్న మా అల్లుడు “మావయ్యా, బ్రేకు పట్టడం లేదు” అన్నాడు. పెడల్ అడుగుదాకా దిగిపోతోంది. గేరు తగ్గించుకుంటూ సెకండ్‌లోకి తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ ఎలాగో కొండవారగా ఆపాడు. నేను దిగి చక్రం కింద రాయి పెడుతుంటే చేతులు వణికాయి. వెనక సీట్లో మనవరాలు నిద్రపోతోంది.

శృంగవరపుకోటలో మెకానిక్ బ్రేక్ ఆయిల్ మూత తీసి చూపించాడు. టీ డికాక్షన్ రంగులో ఉంది. కారు కొని ఐదేళ్లయింది. ఏటా సర్వీసింగ్ బిల్లు కడుతూనే ఉన్నాం. ఆయిల్ మార్చాలని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా పోసిన డాట్ 4 రకం కనీసం 230 డిగ్రీల వేడిని తట్టుకోవాలి. తేమ పట్టాక 155 డిగ్రీల దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి, ఎంత తొక్కినా ఆ బలం చక్రం దాకా వెళ్లదు. అందుకే రెండేళ్లకోసారి మార్పించాలి. బ్రేక్ ప్యాడ్‌లు అరిగి మూడు మిల్లీమీటర్ల మందానికి వస్తే అవీ మార్చాల్సిందే.

అయితే తప్పంతా ఆయిల్‌ది కాదు. అల్లుడు కొండ పొడవునా బ్రేకు మీద కాలు తీయలేదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పేది ఇందుకే. అప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే తొక్కితే చాలు. ఆటోమేటిక్ కార్లలోనూ గేర్లు వాటంతటవే మారే ‘డి’లో వదిలేయకుండా తక్కువ గేరులో ఉంచే ‘ఎల్’కో మాన్యువల్‌కో మార్చుకోవాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లను చూస్తే భయమేస్తుంది. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్‌కు పెట్రోలు ఆగిపోతుంది, కాబట్టి న్యూట్రల్‌తో మిగిలేదేమీ లేదు. ఇంజన్ ఆపేస్తే ఇంకా ప్రమాదం. బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుని తొక్కడం కష్టమవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

సింహాచలం కొండ చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. దర్శనం చేసుకుని పిల్లాపాపలతో దిగే కార్లు అక్కడ రోజూ ఎన్నో. దేవస్థానం వారు టోల్ రసీదు వెనక ‘సెకండ్ గేరులో దిగండి’ అని అచ్చు వేయించాలి, కొండపైన దిగే దారి మొదట్లోనూ అదే మాట పెద్ద అక్షరాలతో రాయించాలి. అనంతగిరి ఘాట్‌లో బ్రేకులు చల్లారేదాకా కారు ఆపుకునే జాగాలు చూపించే బోర్డులు రోడ్లు భవనాల శాఖ వారు పెట్టించాలి. ఇవన్నీ ఈ కార్తీకానికి ముందే జరగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం