అమ్మలుకు నాన్న ఉత్తరం: బడ్జెట్‌లో ఆ సున్న సంగతి

చిరంజీవి అమ్మలుకు, నాన్న దీవించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఫోనులో చెప్పుకోగల సంగతులకు ఉత్తరమెందుకని నీవు అనుకోవచ్చు. ఫోను చేసినప్పుడల్లా "గ్రాంటు దరఖాస్తు పంపేశాక తీరికగా మాట్లాడతాను నాన్నా" అని పెట్టేస్తున్నావు. ఆ తీరిక ఇంకా వచ్చినట్టు లేదు కాబట్టి, నీకు వీలైనప్పుడు చదువుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ పెద్ద విశేషాలేమీ లేవు. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. తమ్ముడు నీ పాత పెట్టె సర్ది, అందులోని ఉలులకు నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాడు. పిన్ని వచ్చి ఒక పూట ఉండి వెళ్ళింది. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, నీవు దరఖాస్తులోని బడ్జెట్ పట్టికలో నీ సొంత పారితోషికం గడిలో సున్న పెట్టావని, అలా పెడితే ఎంపిక సంఘం వారికి నీమీద మంచి అభిప్రాయం కలుగుతుందని నీవు నమ్ముతున్నావని చెప్పింది. పిన్ని సంగతి మనకు తెలియనిది కాదు, సగం విని ముప్పాతిక చెబుతుంది. అందుచేత ఆ మాటను నేను పట్టించుకోలేదు. ఈ ఉత్తరం దాని గురించి రాస్తున్నది కూడా కాదు.

నీవు ఇంతకుముందు పంపిన చిత్తుప్రతి చదివాను. భాష బాగుంది. అయితే ఏడాది చివర ముప్పై అచ్చు చిత్రాలతో ప్రదర్శన పెడతానని మొదటి పేరాలోనే రాశావు. ఒక ప్రదర్శనకో పుస్తకానికో ఇచ్చే గ్రాంటు వేరు, కళాకారుడు తన సాధనను ఇంకొంత ముందుకు తీసుకువెళ్ళడానికి ఇచ్చే గ్రాంటు వేరు. ఇంగ్లండు ఆర్ట్స్ కౌన్సిల్ 2018లో వ్యక్తిగత సాధన కోసమే విడిగా ఒక నిధిని మొదలుపెట్టి, మొదట 2,000 పౌండ్ల నుంచి 10,000 పౌండ్ల వరకు, తరువాత 12,000 వరకు అడిగే వీలు కల్పించింది. అక్కడ చూసేది ఎన్ని చిత్రాలు తయారయ్యాయని కాదు, కొత్త విద్య నేర్చుకోవడానికి, పెద్దల దగ్గర పని చేయడానికి, పరిశోధనకు, ప్రయోగానికి ఆ సమయం ఎలా ఉపయోగపడుతుందని. నీవు దరఖాస్తు చేస్తున్నది కూడా అటువంటి దానికే గనుక, ముప్పై చిత్రాల మాట వెనక్కి జరిపి, నూనె సిరాలు, వాటిని కడిగే ఘాటు వాసన సాల్వెంట్ల నుంచి నీళ్ళ రంగుల చెక్క అచ్చు పద్ధతికి ఎందుకు మారాలనుకుంటున్నావో ముందు చెప్పు. జపాను వాళ్ళు ఆ పద్ధతిలో ప్రెస్సు లేకుండా, బియ్యపు జిగురు కలిపిన రంగును చెక్క మీద కుంచెతో పూసి, కాగితాన్ని చేతి అద్దుడుతో రుద్ది అచ్చు తీస్తారని నీవే ఒకసారి గంటసేపు నాకు వివరించావు. ఆ గంటలో ఉన్న ఉత్సాహం దరఖాస్తులో కనబడలేదు. ఉత్సాహమంతా ఫోనులో ఖర్చు చేసి, కాగితం మీద మాత్రం ప్రభుత్వ గుమాస్తాలాగా రాశావు. ప్రభుత్వ గుమాస్తాగా పని చేసినవాణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకున్నది.

"ఇప్పుడే ఎందుకు" అనే ప్రశ్నకు నీవిచ్చిన జవాబు కూడా పలచగా ఉంది. చాలాకాలంగా అనుకుంటున్నానని రాశావు. చాలాకాలంగా అనుకుంటున్నవారు మరికొంతకాలం అనుకోవచ్చునని చదివేవారికి తోచడం సహజం. నీకు నేర్పుతానన్న ఆవిడ ఈ ఏడాది మాత్రమే శిష్యులను తీసుకుంటున్నదనీ, వాసనల వల్ల నీకు తలనొప్పులు మొదలై పాత పద్ధతిలో కొనసాగలేని స్థితి వచ్చిందనీ నాకు తెలుసు. ఆ రెండూ రాయకుండా మర్యాదకు దాచిపెట్టావు. మర్యాద గల దరఖాస్తులోనూ నిజం ఉండవచ్చు. తలనొప్పుల సంగతి డాక్టరుకైనా చెప్పావా లేదా అన్నది వేరే విషయం, దానికి మాత్రం నాకు జవాబు రాయి.

బడ్జెట్ పట్టికను మాత్రం నీవు నాకు పంపలేదు. మిగిలినవన్నీ పంపి అదొక్కటే పంపకపోవడం పొరపాటున జరిగి ఉంటుందనే అనుకుంటున్నాను. నలభై ఏళ్ళు లెక్కల కాగితాలతో బతికినవాడికి పంపవలసిన కాగితమే అది. పిన్ని చెప్పింది నిజమైతే, ఎందుకు పంపలేదో కూడా అర్థమవుతున్నది.

నిజమే అనుకుని ఒకటి రెండు మాటలు చెబుతాను, నిజం కాకపోతే వదిలెయ్యి. కళాకారుడి సమయానికి డబ్బు అడగడం అత్యాశ అనే భావన నీకెక్కడ పట్టుకున్నదో నాకు తెలియదు. మన దేశంలో సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్పును చూడు: ఇరవై అయిదు నుంచి నలభై ఏళ్ళ లోపు వారికి నెలకు 10,000 రూపాయల చొప్పున రెండేళ్ళు, నలభై దాటిన వారి సీనియర్ ఫెలోషిప్పుకు నెలకు 20,000. అది చాలుతుందా లేదా అనేది అలా ఉంచితే, నెల లెక్కన ఇవ్వడంలోనే ఆ మనిషి నెలనెలా బతకాలన్న ఒప్పుకోలు ఉన్నది. ఐర్లండు ప్రభుత్వం 2022లో ఇంకా ముందుకు పోయి, 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. కెనడాలో 1968లో చిత్రకారులు ఒక సంఘంగా ఏర్పడి, తమ చిత్రాలను ప్రదర్శించినందుకు రుసుము చెల్లించాలని పట్టుబట్టి, 1975 నాటికి ఆ దేశంలో అది అమలయ్యేలా సాధించుకున్నారు. అమెరికాలో గుగెన్‌హైమ్ దంపతులు 1922లో పోయిన తమ కొడుకు పేరు మీద 1925లో ఫెలోషిప్పులు నెలకొల్పినప్పుడు, కళాకారుడు ఆ సొమ్మును ఎలా వాడుకోవాలనే దాని మీద ప్రత్యేకమైన షరతులే పెట్టలేదు. వీళ్ళలో ఎవరూ కాగితానికీ సిరాకూ మాత్రమే డబ్బిస్తామని అనలేదు. నీవు మాత్రం నీకు నీవే అలా అనుకుంటున్నావు.

ఇక్కడ మీ పెద్దనాన్న సంగతి రాయాలి. నాటకాల తెరల మీద బొమ్మలు రాసిన రోజులు నీకు తెలుసు గాని, ఆయన గ్రాంటు వ్యవహారం నీ చిన్నతనంలో జరిగింది. పాత పద్ధతి తెరల రచనను మళ్ళీ నేర్చుకుని, ఏడు తెరలు రాయాలన్నది ఆయన కోరిక. ఒక సంస్థ అటువంటి పనులకు నిధులిస్తున్నదని తెలిసి దరఖాస్తు చేశాడు. గుడ్డ, రంగులు, కుంచెలు, చట్రాల కర్ర అన్నీ గజాల లెక్కన, శేర్ల లెక్కన రాశాడు. చిత్రకారుడి పారితోషికం అన్న చోట ఒక గీత గీశాడు. పెద్దమ్మ చూసి ఇదేమిటని అడిగితే, కళకు కూలి అడుగుతామా అన్నాడు. పెద్దమ్మ కళకు కాదు, నీకు అడుగు అన్నది. ఆవిడ మాట ఆ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనుక? అడిగింది తక్కువ, కాగితం శుభ్రంగా ఉంది, మొత్తం ఒక్క రూపాయి తగ్గకుండా మంజూరైంది. తక్కువ అడిగితే తప్పక వస్తుందని ఆయన అందరికీ చెప్పుకున్నాడు కూడా.

మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. తరువాత పిల్లల ఫీజులు వచ్చాయి. గ్రాంటు సొమ్ములో ఇంటి ఖర్చుకు పద్దు లేదు, పద్దు లేని దానికి పైసా ముట్టుకునే మనిషి కాదాయన. అందుచేత పగలు సైన్‌బోర్డులు రాయడానికి పోయి, రాత్రిళ్ళు తెరల ముందు కూర్చునేవాడు. రాత్రి దీపం కింద నీలానికీ ఆకుపచ్చకూ తేడా తెలియక, పొద్దున చూసుకుని చెరిపేసేవాడు. గుడ్డంతా ముందే కొనేశాడు గదా, అది వానాకాలంలో చెమ్మపట్టి అంచులు నల్లబడింది. గడువు ముగిసి సంస్థవారు నివేదిక అడిగేసరికి, ప్రతి గజానికీ రసీదు ఉంది, తెరలు మాత్రం రెండే ఉన్నాయి. రెండో విడత సొమ్ము నిలిపేశారు. వారి తప్పేమీ లేదు, వారి నియమం అది. చివరికి నేను వెళ్ళి లెక్కలన్నీ ఒక చోట పెట్టి, గడువు పొడిగించమని అర్జీ రాయిస్తే, పొడిగించారు. మరో తెర పూర్తయింది. ఏడు అనుకున్నవి మూడుగా ముగిశాయి.

కథ అక్కడితో అయిపోయి ఉంటే నీకు రాయకపోదును. ఆ మరుసటి ఏడు ఇంకొక తెరల చిత్రకారుడు అదే సంస్థకు దరఖాస్తు చేసి, తన ఆరు నెలల జీతం కూడా కలిపి అడిగాడు. కిందటేడు ఇదే పని గుడ్డ ఖర్చుకే చేసినవారున్నారు, నీకెందుకు ఇంత అని సంఘంలో ఒకరు అడిగారట. గీత గీసింది పెద్దనాన్న, దెబ్బ తగిలింది ఇంకొకరికి. నీవు పెట్టే సున్న నీ ఒక్కదాని సున్న కాదమ్మా. పెట్టావో లేదో నాకు తెలియదనుకో.

ఇప్పుడు నీ సమయానికి ఎంత అడగాలన్న మాట. తోచిన అంకె వేయవద్దు. నీకు ఏడాదికి అద్దెతో సహా బతకడానికి అయ్యే ఖర్చు, పరికరాల అరుగుదల, వైద్యం, ఇవన్నీ కూడి, దానిని మూడువందల అరవై అయిదుతో కాక నిజంగా పని చేయగల రోజులతో భాగించు. సెలవులు, జబ్బు పడే రోజులు, కాగితాలు రాసుకునే రోజులు, సామాను కోసం తిరిగే రోజులు తీసేస్తే మిగిలేవి నీవు అనుకున్నదానికంటే బాగా తక్కువ ఉంటాయి. అలా వచ్చిన రోజువారీ రేటును, ఈ పనికి ఎన్ని రోజులు కావాలో లెక్కకట్టి దానితో హెచ్చించు. కళాకారుల సంఘాలు ప్రకటించిన రేట్లు దొరికితే వాటితో సరిచూసుకుని, ఆ ఆధారం పేరు పట్టిక కింద ఒక వాక్యంలో రాయి. మొత్తంలో సగానికి పైగా నీ సమయానికే పోయినా సిగ్గుపడనక్కరలేదు, ఎందుకంటే ఈ ఏడాది అసలు పని నేర్చుకోవడమే, నేర్చుకునేది నీవే.

నీ వంతు కూడా కొంత పెట్టాలని నీకు పట్టుదలగా ఉంటే దానికీ మార్గమున్నది, సున్న మాత్రం మార్గం కాదు. నీ శ్రమ పూర్తి విలువను ఖర్చుల వైపు రాసి, అందులో నీవు భరించే భాగాన్ని ఆదాయం వైపు "శ్రమ రూపంలో సొంత వాటా" అని చూపించు. అప్పుడు నీ ఉదారబుద్ధీ కనబడుతుంది, పనికి అయ్యే అసలు ఖరీదూ కనబడుతుంది. సున్న పెడితే రెండూ కనబడవు. పైగా లెక్కలు చదవడం వచ్చినవాడికి, ఈ పిల్ల ఏడాది పాటు ఏం తిని బతుకుతుంది, మధ్యలో వదిలేస్తుందేమో అన్న అనుమానమే కలుగుతుంది. నేనే గనుక ఆ కుర్చీలో ఉంటే మొదట అదే అడుగుతాను.

నేర్పే ఆవిడ రుసుము విషయంలో ఆవిడ చేత ఒక చిన్న ఒప్పుకోలు లేఖ, తేదీలతో రాయించుకో. కాగితం, చెక్క, అద్దుడు ధరలకు కొటేషన్లు తీసుకుని ఆ అంకెలే వెయ్యి. ధరలు పెరిగితే సర్దుకోవడానికి కొంత శాతం విడిగా పెట్టు. నమూనా చిత్రాలు ఎన్ని అడిగితే అన్నే పంపు, వాటిలో కొత్త దారి వైపు తిరుగుతున్నవి ముందు ఉంచు. కాలేజీ రోజుల గుర్రం బొమ్మ మీద నీకున్న మమకారం నాకు తెలుసు, అది వద్దు. వెబ్‌సైటులో పేరు నమోదుకే ఒక్కోసారి రోజులు పడుతుంది, చివరి రాత్రి దాకా ఉంచుకోకు. మంజూరైన సొమ్ము మీద పన్ను ఉంటుందో లేదో సొమ్ము రాకముందే ఆడిటరును అడుగు.

ఈసారి రాకపోతే రాదు. చాలా చోట్ల ఎంపికైనవారి కంటే కానివారే ఎక్కువగా ఉంటారు. కారణాలు చెబుతారేమో అడుగు, చెప్పకపోతే నీ పట్టికను నీవే ఒకసారి చదువుకుని మళ్ళీ పంపు. సున్నతో పోయిన దరఖాస్తు వెనక్కి వస్తే ఎక్కువ అడిగావన్న అపవాదు మాత్రం ఉండదనుకుంటున్నావేమో, అది ఓదార్పు కాదు.

గది కిటికీలు తీసి పని చెయ్యి. యాసిడ్ సీసాలు మంచం ఉన్న గదిలో ఉన్నాయని తమ్ముడు చెప్పాడు, వాటిని ఈ రోజే బయటకు మార్చు. రాత్రి పని చేయకు, కళ్ళద్దాల నంబరు మారి రెండేళ్ళు దాటింది. మీ అమ్మ ఇవన్నీ తాను చెప్పినట్టుగా రాయమన్నది, నేను చెప్పినట్టుగానే రాస్తున్నాను.

బడ్జెట్ పట్టికను నాకు పంపు. సున్న ఉన్నా లేకపోయినా పంపు. చూసి ఎర్రసిరాతో దిద్ది వెంటనే వెనక్కి పంపుతాను, ఎవరికీ చూపించను, పిన్నికి అసలే చూపించను.

ఇట్లు,
మీ నాన్న

తా.క. దరఖాస్తులో నీ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశావు, బ్యాంకు ఖాతాలో మాత్రం ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్నది. రెండూ ఒకేలా లేకపోతే మంజూరైన సొమ్ము కూడా ఖాతాలో పడకుండా తిరిగిపోవచ్చు. పంపేలోపు బ్యాంకుకు వెళ్ళి సరిచేయించుకో.