మన మత్స్యకార సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో వలలు, డీజిల్ సబ్సిడీ, వేట నిషేధ కాలం సాయం గురించే ఎక్కువగా రాసేవాళ్లం. ఈ ఏడాది మాత్రం మన సమయం చాలావరకు ఒకే పనికి పోయింది. కాకినాడ ఎదుట సముద్రంలో చమురు, గ్యాస్ పనులు పెరుగుతున్నాయి. అదే సమయంలో వాతావరణం విషయంలో ప్రభుత్వం ప్రపంచానికి మాట ఇచ్చింది. ఆ రెండిటి మధ్య మన వేట ఎక్కడుందో తెలుసుకోవడమే ఆ పని.

ముందు మామూలు విషయాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల నిషేధానికి ఇచ్చే సాయం ఈసారి 20,000 రూపాయలైంది. జాబితాలో పేరు రాని కళాసీల (బోటు మీద పనిచేసేవాళ్ల) చేత మళ్లీ దరఖాస్తులు పెట్టించాం. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటేలోపే బోట్లన్నీ ఏటిలోకి తెచ్చి కట్టుకున్నాం. ఖర్చుల లెక్క కోశాధికారి విడిగా చదువుతారు.

వేట లేని ఆ రెండు నెలలూ సాయంత్రాలు రామాలయం అరుగు మీద కూర్చుని ప్రభుత్వ కాగితాలు చదువుకున్నాం. 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో ప్రధాని 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు (గాలిలోకి వదిలే వేడి వాయువులు, తిరిగి తొలగించేవి సమానం కావడం) సాధిస్తామని ప్రకటించారు. 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాస్‌తో సంబంధం లేనిదై ఉండాలని 2022 ఆగస్టులో లక్ష్యం పెట్టుకున్నారు. అయిదేళ్ల ముందే, 2025లోనే దాన్ని అందుకున్నామని కేంద్రం చెప్పింది. అది మెచ్చుకోవాల్సిన పనే. అయితే ఆ లెక్క కరెంటు ప్లాంట్ల సామర్థ్యానిది. సముద్రంలోంచి ఎంత చమురు తీయాలనే దానికి ఆ హామీలో హద్దు ఎక్కడా లేదు. బోటు నడిపే సరంగు గారొకరు ఈ పేజీ మూడుసార్లు చదివించుకున్నారు.

ఇంకోవైపు చూడండి. 2024 జనవరి 7న మన తీరం ఎదుటి కృష్ణా గోదావరి బేసిన్‌లో 98/2 బ్లాకు అనే సముద్ర ప్రాంతం నుంచి తొలి చమురు తీశారు. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని లోతు సముద్రపు అన్వేషణకు జాతీయ మిషన్ ప్రకటించారు. దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే కొంటున్నామని, అందుకే ఇక్కడ తవ్వాలని ప్రభుత్వం అంటుంది. ఈ వాదనను కొట్టిపారేయలేం. మన బోట్లు నడిచేదీ డీజిల్ మీదే.

మనల్ని అన్నిటికన్నా బాధపెట్టింది వేరే కాగితం. 2020 జనవరి 16న పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌ను సవరించి, చమురు, గ్యాస్ అన్వేషణను బీ2 వర్గంలోకి మార్చారు. ఆ వర్గం పనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి దశకు పాత నియమాలే ఉన్నాయి. కానీ అప్పటికి అన్వేషణ బావుల తవ్వకం జరిగిపోయి ఉంటుంది. 1995లో కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండడం చూసిన పెద్దలు మన మధ్యే ఉన్నారు. అలాంటి వాళ్లను ఒక్క మాటైనా అడగకుండా తవ్వడం తప్పని సంఘం గట్టిగా నమ్ముతోంది.

పరిహారం సంగతీ అంతే. పైప్‌లైన్ పనుల వల్ల వేట పోయిన 23,458 కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున నాలుగు నెలల డబ్బు 2022 మేలో ముమ్మిడివరం ప్రాంతంలో ఇచ్చారు. కుటుంబానికి 46,000 అన్నమాట. ఆ డబ్బు వచ్చేదాకా కుటుంబాలు ఎదురుచూడాల్సి వచ్చింది. ఈలోగా చేసిన అప్పులకు వడ్డీ ఎవరిచ్చారు?

అందుకే ఈ ఏడాది ఇచ్చిన వినతిపత్రంలో అన్వేషణ దశలోనే తీర గ్రామాల్లో సభ పెట్టాలని, రిగ్ (తవ్వే యంత్రం) కదలకముందే పరిహారం జమ చేయాలని అడిగాం. ఉప్పాడలో ఒడ్డు కోసుకుపోతోంది. కాబట్టి వాతావరణ ప్రణాళికల్లో తీరం ఊళ్ల రక్షణకు విడిగా నిధి ఉండాలని కూడా రాశాం. ఒక కార్యాలయంలో వినతి తీసుకున్నట్టు రసీదు ఇవ్వడానికే మూడుసార్లు తిప్పారు. జవాబు ఇంకా రాలేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం.

వచ్చే ఏడాదికి ఒక పని ఇప్పుడే మొదలైంది. మన బోట్లు ఏ నెలలో ఎక్కడ వేటాడతాయో, ఏ చేప ఎక్కడ పడుతుందో జీపీఎస్ పాయింట్లతో పటం గీస్తున్నాం. ఎక్కడైనా తవ్వకం మొదలైతే అక్కడ ఎవరి వేట పోతుందో ఆ పటమే చూపిస్తుంది. సరంగులందరూ తమ పాయింట్లు రాసి వచ్చే నిషేధం మొదలయ్యేలోపు కార్యదర్శికి ఇవ్వండి. రాయడం రానివాళ్ల దగ్గరికి మన కుర్రాళ్లే వచ్చి రాసుకుంటారు.