తవుడు చేపలకు, డబ్బా పొడి మనకు

సంపాదకుల వారికి నమస్కారం.

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో పందొమ్మిదేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఈ మధ్య మా ఊరి సెంటర్లో ఎవరో షామియానా వేసి, "ఉచిత శరీర పరీక్ష" అని మైకులో చెప్పించారు. మనిషిని ఒక మిషను మీద నిలబెట్టి చేతికో చీటీ ఇస్తారు. మీకు నలభై నాలుగేళ్లున్నా మీ ఒంటి వయసు అరవై ఒకటని అందులో ఉంటుంది. బెదిరినవాళ్లకు పక్క బల్ల మీద బలం పొడి డబ్బాలు చూపిస్తారు. నెల డబ్బా రెండు వేల పైచిలుకు. బిల్లు మాత్రం ఉండదు.

ఆ చీటీ పట్టుకుని రొయ్యల చెరువు కాపలా చేసే అతనొకడు నా దగ్గరికొచ్చాడు. "ఈ పొడి తాగితే షుగరు బిళ్లలు ఏసుకోనక్కర్లేదంట కదండీ?" అన్నాడు. ఎవరు చెప్పారయ్యా అంటే, "ఆయ్, ఆళ్లేనండి" అన్నాడు. అప్పటికే పన్నెండు రోజులుగా బిళ్లలు మానేశాడు. వేలు గుచ్చి చూస్తే మీటరులో 386. కొట్టు మూసేసి నేనే బండి మీద ఆసుపత్రిలో దింపి వచ్చాను. మరునాడు ఆ డబ్బా తెప్పించి వెనక్కి తిప్పి చూశాను. ఇది మందుగా వాడేందుకు కాదని చిన్నక్షరాల్లో రాసే ఉంది, ఇంగ్లీషులో. ఆహార భద్రతా నిబంధనలు రాయమన్నాయి కాబట్టి రాశారు. చదివేవాడికి అర్థమయ్యేలా రాయాలని మాత్రం వాళ్లకి లేదు.

పొడులూ విటమిన్ బిళ్లలూ నేనూ అమ్ముతాను. నిజం చెప్పాలంటే లాభం వాటి మీదే బాగుంటుంది. గర్భిణికి ఫోలిక్ యాసిడ్ కావాలి. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ బిళ్లలు వాడేవాళ్లకు బి12 విటమిన్ తగ్గవచ్చు, పరీక్ష చేయించి ఇవ్వాలి. వాటితో నాకు పేచీ లేదు. "బలానికి ఏదైనా ఇవ్వు బాబూ" అని వచ్చేవాళ్లను చూస్తేనే బాధ. రక్తంలో ఏం తగ్గిందో తెలియదు, అసలు తగ్గిందో లేదో తెలియదు. నీరసం అంటారు, అంతే.

మా పక్కింటి పెద్దమ్మగారు రేషన్ బియ్యం చేటలో పోసుకుని అరుగు మీద కూర్చుంటారు. కాస్త తేడాగా కనిపించే గింజల్ని ఒక్కొక్కటే ఏరి వీధిలోకి విసిరేస్తారు. ప్లాస్టిక్ బియ్యమట. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బియ్యప్పిండితో చేసిన గింజలు. వందకొకటి చొప్పున సర్కారే కలిపించింది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో 1895లో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఊరికే వచ్చినదాన్ని కోళ్లకు పారేసి, ఆవిడే మొన్న కోడలి చేత రెండు వేల డబ్బా కొనిపించారు.

బియ్యం విషయంలో మనకిది కొత్తేం కాదు. మరపట్టిన తెల్ల బియ్యం తిని కాళ్లు తిమ్మిరెక్కి మంచాన పడే బెరిబెరి ఒకప్పుడు మన కోస్తా జిల్లాల్లో బాగా ఉండేది. ఆ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక్క గదిలో మొదలైన పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. ఇప్పుడు ఆ బెరిబెరి పెద్దగా కనిపించదు కానీ తెల్లదనం మీద మోజు అలాగే ఉంది. మిల్లులో గింజ మీది తవుడంతా గీకేస్తాం. బి విటమిన్లు, పీచు అందులోనే పోతాయి. నూనె తీసేసిన ఆ తవుడు ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువులకు మేతగా పోతుంది. చేప తిన్నది చేపకు బాగానే పడుతోంది. మనం మాత్రం నా కొట్టుకొచ్చి బీ-కాంప్లెక్స్ అడుగుతాం.

పప్పూ కూరా నామమాత్రంగా వేసుకుని, ఆ తెల్లన్నమే గుట్టగా తింటే రక్తంలో షుగరు గబగబా పైకెక్కుతుంది. మళ్లీ దిగేటప్పటికి నాలుగింటికల్లా ఆవలింతలు, ప్రాణం తీపి మీదకి లాగడం. కాజానో, రెండు చెంచాల పంచదార టీయో పడితే గానీ లేవలేం. ఆ నీరసానికే బలం పొడి కొంటున్నారు, చాలా పొడుల్లో మళ్లీ పంచదారే. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మా సెంటర్లో మధ్యాహ్నం లోపు మూడు టీలు తాగేవాడికి అక్కడితోనే సరి. "బెల్లం పూతరేకులు, షుగరు ఉన్నవారూ తినవచ్చు" అని హైవే మీద బోర్డు చూశాను. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే నాకూ గర్వమే, పండక్కి నేనూ తింటాను. కానీ బెల్లంలోనూ ఉండేది చాలావరకు చక్కెరే, ఆ బోర్డు అబద్ధం.

పోరాడితే అధికారులు కదలరని కాదు. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తియ్యనీళ్ల డబ్బాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. మా ఊరి షామియానాల దాకా అలాంటి చూపు రావాలి. పంచాయతీ స్థలంలో ఇలాంటి పరీక్షలకు అనుమతి ఇచ్చేముందు లైసెన్సు, బిల్లు పుస్తకం అడగాలి. షుగరు బిళ్లలు మానమని చెప్పేవాళ్ల మీద కేసు పెట్టాలి. ఇంటికొచ్చే ఆశా కార్యకర్తలు ఏరేస్తున్న ఆ గింజలేమిటో ఒకసారి చేటలో చూపించి చెబితే మా పెద్దమ్మగారి లాంటివాళ్లు వింటారు. నేను చెబితే, అమ్ముకునేవాడు చెబుతున్నాడనుకుంటున్నారు.

అదే షామియానా వచ్చే ఆదివారం పక్క ఊళ్లో వేస్తారని మైకు తిరుగుతోంది. ఈలోపు ఈ ఉత్తరం అచ్చయితే సంతోషం.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా