పిల్లల్లో ప్రతి మార్పూ పరీక్షల టెన్షన్ కాదు

ఎడిటర్ గారికి,

ఇంటర్ పరీక్షలు దగ్గర పడితే పిల్లల టెన్షన్ గురించి పేపర్లో రోజూ వస్తుంది, మంచిదే, కానీ టెన్షన్ కానిది కూడా ఆ ఖాతాలోనే పడిపోతోంది. నేను హనుమకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. మా హాస్టల్లో ఒక ఎంపీసీ పిల్లాడు కిటికీ అద్దాలకు పేపర్లు అంటించాడు, ఫోన్ కెమెరా మీద ప్లాస్టర్ ముక్క వేశాడు, ఎదురు బిల్డింగ్ వాళ్లు తన మనసులో మాటలు వింటున్నారని మెస్‌కు రావడమే మానేశాడు. సెల్‌ఫోన్ పిచ్చి అన్నారు కొందరు. ఇంట్లో వాళ్లు బాణామతి అనుకుని తాయెత్తు కట్టించారు. మానసిక డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఏడాది దాటింది.

ఇలాంటి లక్షణాలుండే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఎక్కువగా టీనేజీ చివరి నుంచి ముప్పై ఏళ్లలోపు బయటపడుతుంది. ముందు దోస్తులు దూరమవుతారు, మార్కులు పడిపోతాయి, నిద్ర తప్పుతుంది, స్నానం మీద ధ్యాస ఉండదు. వీటిలో సగం ఆ వయసు పిల్లలందరిలో ఉండేవే, చిక్కంతా అక్కడే. నెలల తరబడి దిగజారుతుంటే, ఎవరూ లేకుండా గొంతులు వినిపిస్తున్నాయంటే మాత్రం ఆగొద్దు. దీన్ని తేల్చే రక్తపరీక్ష, స్కానింగ్ లేవు కాబట్టి ఎప్పుడు ఏం మారిందో మీరు చెప్పేదే డాక్టర్‌కు ఆధారం. గంజాయి అలవాటుంటే అదీ దాచకండి, అది ఈ జబ్బు ముప్పును పెంచుతుంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. మొక్కులుంటే తీర్చుకోండి, మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇక ఈ జబ్బు మీద జరిగే పరిశోధనలో చేరతారా అని డాక్టర్ అడిగితే మనవాళ్లకు జమ్మికుంటే గుర్తొస్తుంది. 2017లో డబ్బు కోసం మందుల పరీక్షలకు వెళ్లిన వాళ్ల కథలు అక్కడ బయటికొచ్చాయి, భయం ఊరికే పుట్టలేదు. కానీ ఈ జబ్బుకు వాడే మందులతో పిల్లలు పెద్దల కన్నా ఎక్కువ బరువు పెరుగుతారు, అలాంటివి పిల్లల మీద అధ్యయనం చేస్తేనే తెలుస్తాయి. ప్రతి పరిశోధనా కొత్త మందే కానక్కర్లేదు, ప్రశ్నలతో, స్కానింగ్‌తో అయిపోయేవీ ఉంటాయి. ఒప్పుకోలు ఫారం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. పరిశోధన పద్ధతిగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మందు పరీక్షైతే అలాంటివి నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో దాని నంబరెంత, ఇప్పుడు వాడే మందు ఆపేస్తారా, మందు లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చే అవకాశముందా అని మొహమాటం లేకుండా అడగండి. మధ్యలో మానుకునే హక్కుంది, మానుకుంటే మామూలు వైద్యం ఆపకూడదు.

18 నిండని వాళ్లకు తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్లల ఒప్పుకోలూ కావాలి. 2009లో ఖమ్మం జిల్లాలో టీకా ప్రాజెక్టుకు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టి పెద్ద గొడవైంది. అందుకే మా లెక్చరర్లకు, వార్డెన్లకు కూడా చెబుతున్నా, అలాంటి ఫారం చేతికొస్తే పెన్ను తీయకండి, పిల్లాడి అమ్మానాన్నలకు ఫోన్ చేయండి.

ఒక లెక్చరర్, హనుమకొండ