కొండ మీది బడి సంగతి, మన పిల్లల ప్రాజెక్టు సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన సమావేశంలో మీలో చాలామంది ఒకే మాట అడిగారు. "తొమ్మిదో తరగతి పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పాత సంగతులు అడిగి రాసుకురావడం ఎందుకు మేడమ్? ఆ టైంలో నాలుగు లెక్కలు చేసుకుంటారు కదా?" అని. బడి తోటలో పని గురించీ ఇలాంటి అసంతృప్తే వినిపించింది. అప్పటికప్పుడు సరిగ్గా జవాబు చెప్పే వీలు లేకపోయింది. అందుకే ఈ నెల టైంటేబుల్, సెలవుల వివరాలు చివరి పేజీకి నెట్టి, ఇక్కడ ఒక బడి గురించి రాస్తున్నాను. అది మన బడి కాదు. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో, హవాయి దీవుల్లో ఒకటైన మౌయి మీద ఉన్న ప్రభుత్వ హైస్కూలు. పేరు లహైనాలూనా.

ఆ బడి 1831 సెప్టెంబరులో మొదలైంది. అప్పటికి హవాయి అమెరికాలో భాగం కాదు, సొంత రాజున్న రాజ్యం. సముద్రం ఒడ్డున ఉన్న లహైనా ఊళ్ళో రాజు ఉండేవాడు. తిమింగలాల వేటకి పోయే ఓడలెన్నో ఆ రేవులో ఆగేవి. నావికులు దిగితే ఇక తాగుడు, గొడవలు. ఆ సందడికి ఎగువన, కొండవాలు మీద, అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఈ బడి పెట్టారు. మొదటి ప్రధానోపాధ్యాయుడు లారిన్ ఆండ్రూస్. మొదటి జట్టులో పాతిక మంది. వాళ్ళని పిల్లలు అనడానికి లేదు, కొందరికి అప్పటికే పెళ్ళిళ్ళయ్యాయి. తర్వాత ఎంతో పేరు తెచ్చుకున్న డేవిడ్ మాలో చేరేనాటికి ముప్పై దాటినవాడు. ఉండడానికి గుడిసెలు, చదువుకోవడానికి గదులు చాలావరకు వాళ్ళే కట్టుకున్నారు.

మిషనరీల ఉద్దేశం ఏమిటో దాచాల్సిన పని లేదు. మతబోధకుల్ని, పంతుళ్ళని తయారు చేసుకోవాలనే వచ్చారు. అక్కడి పాత నమ్మకాల మీద వాళ్ళకి చిన్నచూపు ఉండేది. దాన్ని నేను మెచ్చుకోలేను. కానీ పాఠం చెప్పింది మాత్రం హవాయి భాషలోనే. అచ్చుయంత్రం తెచ్చి, 1834 ఫిబ్రవరి 14న 'క లామా హవాయి' అనే పత్రిక వేశారు. హవాయిలో అచ్చయిన మొదటి వార్తాపత్రిక అదే, వేసింది ఒక బడి! పగడపు రాయితో, కలపతో కట్టిన అచ్చు ఇల్లు ఈనాటికీ బడి ఆవరణలో ఉంది. పటాలు కావాల్సి వస్తే, ఓడల అడుగున తొడిగే పాత రాగి రేకులు తెచ్చి, వాటి మీద విద్యార్థులే చెక్కి అచ్చు వేశారు. 1843 ప్రాంతంలో బడి అవసరాలకి సొంతంగా చిన్న కాగితపు నోట్లు కూడా వేసుకున్నారు. మరుసటి ఏడాదికల్లా దొంగనోట్లు బయటపడ్డాయి. రాగి మీద చెక్కడం వచ్చిన చేతులు ఆ చుట్టుపక్కల ఇంకెక్కడున్నాయో మీరే ఊహించుకోండి. ప్రధానోపాధ్యాయురాలిగా నాకు ఆ కథ చదివితే నవ్వూ వస్తుంది, టెన్షనూ వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ బడిలో షెల్డన్ డిబుల్ అనే పంతులు ఉండేవాడు. హవాయి చరిత్ర అప్పటికి పుస్తకాల్లో లేదు. వంశావళులు, యుద్ధాలు, దేవుళ్ళ కథలు, చట్టాలు, సముద్రం మీద దారి పట్టుకునే విద్య, అన్నీ ముసలివాళ్ళ నోటి మీదే ఉన్నాయి. బయటినుంచి వచ్చిన జబ్బులకి ఆ ముసలివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. డిబుల్ బాగా చదివే పదిమంది విద్యార్థుల్ని ఎంచుకుని, కాలక్రమంలో ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేశాడు. ఒక్కో ప్రశ్న పదిమందికీ ఇచ్చేవాడు. ఎవరికి వాళ్ళు విడిగా వెళ్ళాలి. తమకి తెలిసిన పెద్దల్లో, నాయకుల్లో బాగా గుర్తున్నవాళ్ళని అడగాలి, విన్నది రాసుకురావాలి. తర్వాత అందరూ కూర్చుని ఎవరు రాసింది వాళ్ళు చదివేవాళ్ళు. ఒకరిదానికి ఇంకొకరిదానికి పొంతన కుదరకపోతే చర్చించి, సరిచూసుకునేవాళ్ళు. ఆ తర్వాతే పై ప్రశ్న. అలా పోగయినదంతా 1838లో హవాయి భాషలో పుస్తకంగా అచ్చయింది, అదే కొండ మీద.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది, పదిమందికీ ఒకే ప్రశ్న ఇవ్వడం. ఒకడు ఒక తాతని అడిగి వచ్చి "ఇదే నిజం" అంటే అక్కడితో అయిపోతుంది. పదిమంది పది రకాలుగా తెస్తే, "ఎందుకిలా వేరుగా చెప్పారు? ఆయన ఆ రోజు అక్కడున్నాడా, లేక ఎవరో చెబితే విన్నాడా?" అని ఆలోచించక తప్పదు. పాఠ్యపుస్తకంలో జవాబు ఒక్కటే ఉంటుంది, కాబట్టి ఈ ఆలోచన అక్కడ పుట్టదు. లెక్కలు చేసుకోవచ్చు కదా అన్నవాళ్ళకి నా జవాబు ఇదే: దీనికి కావాల్సిన బుర్ర లెక్కలకి కావాల్సినదానికంటే తక్కువేమీ కాదు.

డేవిడ్ మాలో తర్వాత తన జనం పాత ఆచారాల గురించి సొంత భాషలో రాసిపెట్టాడు. 1833లో చేరిన సామ్యూల్ కమకావు 1860లలో హవాయి పత్రికల్లో ఏళ్ళ తరబడి చరిత్ర రాస్తూ పోయాడు. ఇవాళ ఆ దీవుల పాత జీవితం గురించి ఎవరు పరిశోధన చేసినా ముందు తెరిచేది వీళ్ళ రాతలే. అదే బడిలో చదివిన బోజ్ మహూనే, 1839లో ఆ రాజ్యపు హక్కుల ప్రకటన రాయడంలో ముఖ్యుడు. నాయకుల దయాదాక్షిణ్యాల మీద బతికే సామాన్యుడికి ఆస్తి మీద, ఒంటి మీద రక్షణ ఉంటుందని కాగితం మీద పెట్టిన పత్రం అది.

ఆండ్రూస్ గురించి కూడా ఒక మాట. 1842లో ఆయన మిషన్ ఉద్యోగం వదులుకున్నాడు. బానిసల్ని పెట్టుకున్నవాళ్ళ దగ్గర మిషన్ సంస్థ విరాళాలు తీసుకుంటోందని తెలిసి, ఆ డబ్బుతో వచ్చే జీతం నాకొద్దు అన్నాడు. పంతుళ్ళలో ఇలాంటివాళ్ళు అప్పుడూ తక్కువే.

1849లో బడి మిషన్ చేతుల్లోంచి హవాయి ప్రభుత్వం చేతికి వచ్చింది. రాజ్యం పోయింది, అమెరికా వచ్చింది, బడి మాత్రం ప్రభుత్వ బడిగానే కొనసాగింది. 1903లో చేతిపనుల శిక్షణకి మళ్ళింది, 1923లో ఆడపిల్లలు కూడా చదివే హైస్కూలు అయింది. ఈ మధ్యలోనే, 1896లో, బడుల్లో బోధన ఇంగ్లీషులోనే జరగాలని చట్టం వచ్చింది. ఏ భాషలో పత్రిక వేశారో ఆ భాష తరగతి గదిలోంచి వెళ్ళిపోయింది. రెండు తరాలు గడిచేసరికి ఇళ్ళలోనూ పలచబడింది. 1978లో రాష్ట్ర రాజ్యాంగం దాన్ని అధికార భాషగా గుర్తించాక, 1980ల చివర్లో హవాయి మాధ్యమ తరగతులు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు లహైనాలూనాలోనూ ఆ మాధ్యమంలో చదివే పిల్లలున్నారు. వాళ్ళు చదివే పాత పాఠాల్లో చాలావాటికి మూలం ఆ మొదటి విద్యార్థుల రాతలే.

ఇక అక్కడి పిల్లల రోజువారీ జీవితం. 9 నుంచి 12 దాకా తరగతులు. ఎక్కువమంది కింద ఊరి నుంచి వచ్చి వెళ్ళేవాళ్ళే. కొద్దిమంది మాత్రం హాస్టల్లో ఉంటారు. అమెరికాలో హాస్టల్ ఉన్న ప్రభుత్వ హైస్కూళ్ళు చాలా అరుదు, అందులో ఇదొకటి. 1980 నుంచి ఆడపిల్లలకీ హాస్టల్లో చోటు దొరికింది. హాస్టల్ పిల్లలు బడి పొలంలో, ఆవరణలో పని చేస్తారు. ఉండడానికి అయ్యే ఖర్చు కొంత అలా తీరుతుంది. కూరగాయలు పండించడం, పశువుల్ని చూసుకోవడం, ఆవరణ శుభ్రం చేయడం, అన్నీ చేసి, తర్వాత అందరితోపాటు తరగతికి వెళ్తారు. ఇది శిక్ష కాదు. ఒకప్పుడు గుడిసెలు కట్టుకున్నవాళ్ళ అలవాటు అలా వస్తూనే ఉంది. మన తోట పనికి దీనితో పోలిక పెట్టను, మనది వారానికి రెండు పీరియడ్లే. కానీ చేతికి మట్టి అంటితే చదువు పాడవుతుందనే భయానికి మాత్రం అక్కడ ఏ ఆధారమూ కనపడదు.

ఏటా వసంతంలో డేవిడ్ మాలో పేరు మీద ఒక రోజు జరుపుతారు. విందు, పాటలు, హులా నాట్యం, అన్నీ పిల్లల చేతుల మీదుగానే. మాలో సమాధి బడికి పైన, కొండ మీద ఉంది. దాని దగ్గరే కొండవాలు మీద పెద్ద 'ఎల్' అక్షరం ఒకటి ఉంది, సున్నం వేసి తెల్లగా ఉంచుతారు. ఊళ్ళోంచి చూసినా కనిపిస్తుంది. మాలో రోజున, పట్టాలిచ్చే రోజున దాని చుట్టూ దీపాలు వెలిగిస్తారు. ఆటల పిచ్చి ఉన్న పిల్లల కోసం ఇంకొక్కటి: 2017లో రాష్ట్ర ఫుట్‌బాల్ ఫైనల్లో వీళ్ళు ఏడు అదనపు సమయాల తర్వాత 75-69తో గెలిచారు. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తే వాళ్ళ ఆట.

2023 ఆగస్టు 8న పెనుగాలుల్లో పుట్టిన మంట లహైనా ఊరిని కాల్చేసింది. వందమందికి పైగా చనిపోయారు. రెండు వేలకి పైగా కట్టడాలు పోయాయి. కొండ మీద ఉండబట్టి బడి మిగిలింది. కానీ అందులో చదివే ఎంతోమందికి ఇల్లు మిగల్లేదు. గాలి, నీళ్ళు, బూడిద పరీక్షలు అయ్యేదాకా బడి తెరవలేదు. దీవికి ఇంకో వైపున్న కిహే ఊళ్ళో కొత్తగా కట్టిన హైస్కూల్లో వాళ్ళకి తాత్కాలికంగా తరగతులు నడిపారు. అక్టోబరు 16న సొంత బడికి తిరిగొచ్చారు. ఊళ్ళోని పాత ఇళ్ళు, మ్యూజియంలు, వాటిలో దాచిన వస్తువులు చాలావరకు బూడిదయ్యాయి. ఏ వీధిలో ఏ ఇల్లుండేది, ఏ చెట్టు కింద ఎవరు కూర్చునేవారు అన్నది ఇప్పుడు మళ్ళీ మనుషుల్ని అడిగే తెలుసుకోవాలి.

మన ప్రాజెక్టుకి కొన్ని వివరాలు. తరగతిలో అందరికీ ఒకే అయిదు ప్రశ్నలు ఇచ్చాం. ఒక్కో ప్రశ్న కనీసం ఇద్దరు పెద్దవాళ్ళని అడగాలి. వాళ్ళు చెప్పినట్టే, వాళ్ళ మాటల్లోనే రాయాలి. మీరు పక్కన కూర్చుని సరిదిద్దొద్దు, ముఖ్యంగా "అది అలా కాదు నాన్నా" అనొద్దు. ఇద్దరు చెప్పింది కలవకపోతే రెండూ రాయనివ్వండి. ఆ పేజీలే మాకు ఎక్కువ అవసరం. ఫోన్లో రికార్డు చేస్తే ముందు వాళ్ళని అడిగి చేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళు లేకపోతే చుట్టుపక్కల ఎవరినైనా అడగొచ్చు. చెప్పడం ఇష్టం లేదన్నవాళ్ళని బలవంతం చేయొద్దు. చేతిరాతకి, బొమ్మలకి, రంగు అట్టలకి మార్కులు లేవు. కాబట్టి దయచేసి రాత్రి పదకొండింటికి చార్టుల కోసం పరిగెత్తకండి. తోట పని రోజుల్లో టోపీ, మంచినీళ్ళ సీసా పంపండి. దుమ్ము పడనివాళ్ళు ఒక చీటీ రాసిస్తే చాలు, వాళ్ళకి నీడలో విత్తనాల పని ఇస్తాం.

నోట్‌బుక్కులు వచ్చే నెల మొదటి వారంలో క్లాస్ టీచరుకి ఇవ్వాలి. పదో తరగతి వాళ్ళకి ఈ ప్రాజెక్టు లేదు. ఆ తల్లిదండ్రులు నాకు ఫోన్ చేయనక్కర్లేదు.

మీ ప్రధానోపాధ్యాయురాలు